తాగుడు మానేవారికి తోడు: సహాయక సమావేశాలపై చర్చ ఎక్కడిదాకా వచ్చింది

తాగుడు మానాలనుకున్న మనిషికి మన ఊళ్లలో సలహాలకు కొదవ ఉండదు. డాక్టరు మాత్రలు రాస్తారు. తల్లి మొక్కుకుంటుంది. భార్య పిల్లల తల మీద ఒట్టు వేయిస్తుంది. బావమరిది ఎక్కడో డీఅడిక్షన్ సెంటర్ ఉందంటాడు, స్నేహితుడు మాల వేసుకోమంటాడు. ఈ హడావిడిలో ఎవరో ఒకరు గొంతు తగ్గించి ఏఏ మీటింగుల సంగతి ఎత్తుతారు. ఒకప్పుడు తాగి మానేసినవాళ్లు ఒకచోట కూర్చుని మాట్లాడుకుంటారట, డబ్బేమీ అడగరట, ఒకసారి వెళ్లి చూడు అని.

ఆల్కహాలిక్స్ అనానిమస్, అంటే ఏఏ, పుట్టి తొంభై ఏళ్లయింది. దాని మీద వాదన వయసూ అంతే. అది తప్ప వేరే దారి లేదనేవారు ఒక పక్క, అది మతమే తప్ప వైద్యం కాదనేవారు ఇంకో పక్క నిలబడి ఉన్నారు. మధ్యలో కొత్త సంఘాలు వచ్చాయి, పరిశోధనలు వచ్చాయి, మందులు వచ్చాయి, ఇంట్లో కూర్చుని ఫోన్‌లో హాజరయ్యే సమావేశాలు కూడా వచ్చాయి. చిక్కుపడిన ఈ చర్చలో కొన్ని ముడులు ఈపాటికి విడిపోయాయి. కొన్ని ఇంకా బిగుసుకునే ఉన్నాయి. తెలుగు నేల వరకూ చూస్తే అసలు గండి వేరే చోట ఉంది. సమావేశం పనిచేస్తుందా లేదా అన్న ప్రశ్న కంటే, మానాలనుకున్న మనిషిని అక్కడిదాకా చేర్చేవారు ఎవరన్నది మనకు పెద్ద ప్రశ్న. ఈ సమీక్ష చివరికి చేరేది అక్కడికే.

అవసరం ఎంతన్నది ముందు చూడాలి. కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఎయిమ్స్ చేసిన జాతీయ సర్వే 2019లో వెలువడింది. దేశంలో దాదాపు 16 కోట్ల మంది మద్యం తాగుతున్నారనీ, వారిలో 5.7 కోట్ల మందికి ఏదో ఒక సాయం అవసరమనీ అది తేల్చింది. మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. ఆసుపత్రిలో చేరి చికిత్స పొందినవారు 180 మందిలో ఒకరు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో తాగేవారు దేశం మొత్తం మీద 19 శాతం ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 23 శాతం, తెలంగాణలో 43 శాతం. తెలంగాణ ఆడవాళ్లలోనూ దాదాపు 7 శాతం తాగుతున్నారు. ఇంతమందికి సరిపడా సైకియాట్రిస్టులూ పడకలూ ఇప్పట్లో రావు. ఖర్చు లేకుండా, సాయంత్రం పూట, ఏళ్ల తరబడి దొరికే తోడు గురించి మాట్లాడుకోవలసింది అందుకే.

మొదలు ఎక్కడ

1840లో అమెరికాలోని బాల్టిమోర్‌లో ఆరుగురు తాగుబోతులు ఒక మద్యం దుకాణంలోనే కూర్చుని ఇక తాగబోమని ప్రతిజ్ఞ చేశారు. వాషింగ్టోనియన్లు అని పేరు పెట్టుకున్నారు. వాళ్ల సభల్లో తాగి చెడినవాడే లేచి తన కథ చెప్పేవాడు. చూస్తుండగానే లక్షల మంది చేరారు, చూస్తుండగానే ఆ ఉద్యమం చెదిరిపోయింది కూడా. మద్యనిషేధ రాజకీయాలు, మత పెద్దలతో తగవులు, వేదికలెక్కిన నాయకుల పేరు యావ దాన్ని తినేశాయి.

మళ్లీ అలాంటిది నిలదొక్కుకోవడానికి 1935 దాకా ఆగవలసి వచ్చింది. న్యూయార్క్ షేర్ మార్కెట్ వ్యాపారి బిల్ విల్సన్ తాగుడు మాని కొన్ని నెలలైంది. ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్‌కు పని మీద వెళ్లాడు. పని చెడింది. హోటల్ లాబీలో నిలబడితే ఒక పక్క బార్, ఒక పక్క టెలిఫోన్. ఇంకో తాగుబోతుతో మాట్లాడితే తప్ప ఆ రాత్రి గడవదనిపించి, స్థానిక చర్చిల నంబర్లు చూసి ఫోన్లు చేశాడు. అలా మాటలో మాట కలిసి, ఒక మహిళ చొరవతో, డాక్టర్ బాబ్ స్మిత్ అనే సర్జన్‌ను కలిశాడు. ఆ డాక్టర్ చివరిసారి తాగిన రోజు, 1935 జూన్ 10, ఏఏ పుట్టినరోజుగా నిలిచింది. మొదటి సమావేశం కూడా ఎవరో పూనుకుని ఇద్దరిని కలిపితేనే జరిగిందన్నది గుర్తుంచుకోదగిన సంగతి.

ఆక్స్‌ఫర్డ్ గ్రూప్ అనే క్రైస్తవ బృందం నుంచి ఏఏ చాలా తీసుకుంది: తప్పులు ఒప్పుకోవడం, నష్టపెట్టినవారికి సరిచేయడం, ఇంకొకరికి సాయపడటం. 1939లో సొంత పుస్తకం, అందులో మానడానికి పాటించవలసిన 12 మెట్లు వచ్చాయి. 1941లో ఒక పెద్ద వారపత్రిక వ్యాసం రాయగానే రెండు వేల సభ్యత్వం ఏడాదిలో ఎనిమిది వేలయింది. అంత వేగంగా పెరిగిన సంఘం వాషింగ్టోనియన్ల గతి పట్టకుండా ఉండటానికి 1950లో 12 సంప్రదాయాలను ఆమోదించుకుంది. బయటి చందాలు పుచ్చుకోరు, బయటి వివాదాల్లో తలదూర్చరు, సభ్యుల పేర్లు పత్రికలకెక్కవు. మానాలన్న కోరిక ఒక్కటే చేరడానికి అర్హత. 1951లో తాగేవారి కుటుంబాల కోసం అల్-అనాన్, 1957లో వాళ్ల పిల్లల కోసం అలటీన్ మొదలయ్యాయి. 1950ల చివరికి ఏఏ భారతదేశానికి వచ్చింది.

ఆ గదిలో ఏం జరుగుతుంది

వాదించేవాళ్లలో చాలామంది సమావేశాన్ని చూడకుండానే వాదిస్తారు. గది మామూలుగా ఒక స్కూలుదో, చర్చి ఆవరణలోదో, కమ్యూనిటీ హాలుదో అయి ఉంటుంది. ప్లాస్టిక్ కుర్చీలు గుండ్రంగానో వరసలుగానో వేసి ఉంటాయి. గంట, గంటన్నర. ఒకరు నడిపిస్తారు, ఆ మనిషి కూడా తాగి మానినవాడే, జీతగాడు కాదు. చిన్న ప్రార్థనతో మొదలుపెట్టి పుస్తకంలోంచి కాస్త చదువుతారు. తర్వాత ఒక్కొక్కరు లేచి, నా పేరు ఫలానా, నేను ఆల్కహాలిక్‌ని అంటారు. మిగిలినవాళ్లు పలకరిస్తారు. ఇంటిపేరు అడగరు, కులం అడగరు, ఉద్యోగం అడగరు. ఒకరు మాట్లాడుతుంటే మధ్యలో ఎవరూ సలహా ఇవ్వరు, తప్పు పట్టరు. రేపు జీతం రోజు, దారిలోనే వైన్ షాపు ఉంది, ఎలా దాటాలో తెలియట్లేదు అని ఒకరు చెబితే, పోయిన నెల తను ఏ సందులోంచి ఇంటికి వెళ్లాడో ఇంకొకరు తన వంతు వచ్చినప్పుడు చెబుతారు. డబ్బు పోగుచేసే సంచి ఒకటి తిరుగుతుంది. కొత్తవాళ్లు అందులో ఏమీ వేయనక్కరలేదు. గది అద్దె, టీ ఖర్చు దాంతోనే.

అందరూ మాట్లాడాలనేమీ లేదు. ఈ రోజు వింటాను అంటే చాలు. తాగే సమస్య ఉన్నవారికి మాత్రమే పరిమితమైన సమావేశాలు కొన్ని, కుటుంబమూ విద్యార్థులూ ఎవరైనా కూర్చోగలిగినవి కొన్ని. కొన్నాళ్లు పోయాక కొత్తవాళ్లు ఒక పాత సభ్యుణ్ని స్పాన్సర్‌గా ఎంచుకుంటారు. అర్ధరాత్రి తాగాలనిపిస్తే ఫోన్ చేయదగిన మనిషి అన్నమాట. నిజానికి సమావేశంలో సగం బలం అది ముగిశాక ఉంటుంది. గేటు దగ్గర టీ తాగుతూ, రేపు వస్తావు కదన్నా అని అడిగే ఆ పది నిమిషాలు ఏ పుస్తకంలోనూ మెట్టుగా రాసి ఉండవు. అవే చాలామందిని మళ్లీ రప్పిస్తాయి.

వేరే దారులు వేసినవారు

ఏఏ మీద అభ్యంతరాలు మూడు వైపుల నుంచి వచ్చాయి, మూడింటి నుంచీ కొత్త సంఘాలు పుట్టాయి.

మొదటిది ఆడవాళ్ల వైపు నుంచి. మద్యం ముందు నిస్సహాయుణ్ని అని ఒప్పుకోవడం అహం పెరిగిన మగవాడికి మందు కావచ్చు, జీవితమంతా నోరు నొక్కించుకున్న స్త్రీకి అదే ఎందుకు చెప్పాలి అని జీన్ కర్క్‌పాట్రిక్ 1970ల మధ్యలో విమెన్ ఫర్ సోబ్రైటీ స్థాపించారు. రెండోది దేవుణ్ని నమ్మనివారి వైపు నుంచి. 1985లో సెక్యులర్ ఆర్గనైజేషన్స్ ఫర్ సోబ్రైటీ, తర్వాత లైఫ్‌రింగ్ వచ్చాయి. మూడోది మనస్తత్వ శాస్త్రం వైపు నుంచి. 1994లో మొదలైన స్మార్ట్ రికవరీలో మెట్లు ఉండవు, స్పాన్సర్ ఉండరు. తాగాలన్న తపన వచ్చినప్పుడు ఆలోచనను ఎలా మళ్లించాలో అభ్యాసాలు చేయిస్తారు, శిక్షణ పొందినవారు నడుపుతారు, ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడుకోవచ్చు. బౌద్ధ ధ్యానం ఆధారంగా రికవరీ ధర్మ వంటివి ఈ మధ్య వచ్చాయి.

పక్కపక్కన పెట్టి చూస్తే తేడాలు ఇలా కనిపిస్తాయి. ఏఏ జీవితాంతం వస్తూ ఉండమంటుంది. స్మార్ట్ నేర్చుకుని వెళ్లిపొమ్మంటుంది. ఏఏ తనకంటే పెద్ద శక్తిని ఆశ్రయించమంటుంది, అది దేవుడే కానక్కరలేదు గుంపే కావచ్చని సర్దుబాటు చూపిస్తుంది; మిగిలినవి మనిషి లోపలి శక్తినే నమ్ముకుంటాయి. ఏఏ ఎక్కువ ఊళ్లలో ఉంది. మిగిలినవి మనకు ఎక్కువగా ఆన్‌లైన్‌లో, ఇంగ్లిష్‌లో దొరుకుతాయి. తెలుగు పాఠకుడికి ఈ చివరి తేడా మిగిలినవన్నిటికంటే బరువైనది. మనసుకు నచ్చిన సిద్ధాంతం అందని దూరంలో ఉంటే దాని వల్ల ఉపయోగం తక్కువ.

లెక్కలు ఏం తేల్చాయి

ఏఏ సభ్యుల జాబితా పెట్టదు, పేర్లు రాసుకోదు. పరిశోధకుడికి ఇంతకంటే కష్టమైన సంస్థ దొరకదు. వచ్చినవాళ్లు బాగుపడ్డారంటే సమావేశం వల్ల బాగుపడ్డారా, బాగుపడాలన్న పట్టుదల ఉన్నవాళ్లే వచ్చారా అన్న ప్రశ్న దశాబ్దాల పాటు తెమలలేదు.

1997లో ఫలితాలు వెలువడిన ప్రాజెక్ట్ మ్యాచ్ అమెరికాలో 1,726 మందిని మూడు రకాల కౌన్సెలింగ్‌లకు పంచింది. ఒకటి ఆలోచనా తీరును సరిదిద్దేది, ఒకటి మానాలన్న ప్రేరణను పెంచేది, మూడోది ఏఏకు అలవాటు చేసేది. మూడూ దాదాపు ఒకేలా పనిచేశాయి. అందులో బయటపడ్డ ఒక సంగతి మన సమాజానికి బాగా వర్తిస్తుంది: చుట్టూ తాగే స్నేహితులే ఉన్నవారికి మూడేళ్ల తర్వాత చూస్తే ఏఏ దారి ఎక్కువ మేలు చేసింది. పాత సిట్టింగ్ పోయినప్పుడు దాని స్థానంలో కొత్త మనుషులు ఉండాలి కదా.

2006లో వైద్య పరిశోధనలను బేరీజు వేసే కోక్రేన్ సంస్థ సమీక్ష ఏఏ ప్రభావాన్ని నిస్సందేహంగా నిరూపించిన ప్రయోగాలు లేవని తేల్చింది. విమర్శకులు ఆ వాక్యాన్నే పట్టుకుని చాలాకాలం వాదించారు. 2014, 2015ల్లో అమెరికాలో ఏఏ అశాస్త్రీయమంటూ పుస్తకాలు, పెద్ద వ్యాసాలు వచ్చాయి. 2020లో అదే కోక్రేన్ 27 అధ్యయనాలు, 10,565 మంది వివరాలతో మళ్లీ సమీక్షించింది. పద్ధతి ప్రకారం ఏఏకు చేర్చే చికిత్స పొందినవారిలో ఏడాది తర్వాత పూర్తిగా మానినవారు 42 శాతం, ఇతర చికిత్సలు పొందినవారిలో 35 శాతం. పట్టుదల ఉన్నవాళ్లే వస్తారన్న అనుమానాన్ని గణాంక పద్ధతులతో పక్కకు తీసి చూసిన పరిశోధన కూడా హాజరుకే కొంత ఫలితం ఉందని చూపింది. అమెరికాలో స్మార్ట్, లైఫ్‌రింగ్, విమెన్ ఫర్ సోబ్రైటీ సభ్యులను ఏఏ సభ్యులతో పోల్చిన 2018 అధ్యయనం, మానాలన్న లక్ష్యం ఒకటే అయినప్పుడు ఫలితాల్లో పెద్ద తేడా లేదని సూచించింది.

ఈ మొత్తం మీద నా అంచనా ఇది. పనిచేస్తుందా అన్న వాదన ముగిసినట్టే. పనిచేస్తుంది, వెళ్లి కొనసాగినవారికి. ఏఏ ఒక్కటే పనిచేస్తుందన్న మాట నిలబడలేదు. 42 శాతం అన్న లెక్కలోనే మిగిలిన 58 శాతం కూడా ఉన్నారు. వాళ్లకు మీటింగ్ సరిపడలేదంటే పాపం చేసినట్టు చూడటం, ఇంకా అధమ స్థితికి చేరాలి అప్పుడు దారికొస్తాడు అనడం క్రూరత్వం.

ఒక సూక్ష్మం మాత్రం జారిపోకూడదు. ఈ అధ్యయనాల్లో ఎక్కువ భాగం కొలిచింది మీటింగుల గురించి చెప్పి వదిలేయడాన్ని కాదు. కౌన్సెలర్ వారం వారం కూర్చుని, వెళ్లావా, ఏమనిపించింది, స్పాన్సర్ దొరికాడా అని అడుగుతూ చేర్చడాన్ని. 1981లో అమెరికాలో జరిగిన ఒక చిన్న ప్రయోగం ఈ తేడాను కళ్లకు కట్టింది. ఇరవై మందిలో సగం మందికి సమావేశాల వివరాలిచ్చి వెళ్లమన్నారు. మిగిలిన సగం మందికి కౌన్సెలర్ ఎదుటే ఒక ఏఏ సభ్యుడితో ఫోన్ కలిపి, ఆ సభ్యుడే వెంటబెట్టుకుని తీసుకెళ్లేలా ఏర్పాటు చేశారు. రెండో సగంలో అందరూ వెళ్లారు. మొదటి సగంలో ఒక్కరూ వెళ్లలేదు.

పూర్తిగా మానడమా, తగ్గించడమా

చర్చలో అతి వేడెక్కిన భాగం ఇదే. 1962లో లండన్ డాక్టర్ డి.ఎల్. డేవీస్ తన 93 మంది రోగుల్లో ఏడుగురు మామూలు మోతాదుకు తిరిగి రాగలిగారని రాశారు. పెద్ద దుమారం లేచింది. 1985లో సైకియాట్రిస్ట్ గ్రిఫిత్ ఎడ్వర్డ్స్ ఆ ఏడుగురినీ మళ్లీ వెతికి చూస్తే ఎక్కువమందికి తాగుడు సమస్య తిరిగి వచ్చిందని తేలింది. తగ్గించుకుని తాగాలనుకునేవారి కోసం 1994లో ఆడ్రీ కిష్లైన్ మోడరేషన్ మేనేజ్‌మెంట్ స్థాపించారు. 2000 ప్రారంభంలో ఆమె తనకు అది సరిపడటం లేదని ఏఏ వైపు మళ్లారు. ఆ తర్వాత కొన్ని వారాలకే తాగి కారు నడిపి ఇద్దరి ప్రాణాలు తీశారు. రెండు పక్షాలూ ఆ విషాదాన్ని ఎదుటివారి మీద ఆయుధంగా వాడుకున్నాయి. దాని వల్ల రెండు దారుల గురించీ కొత్తగా తెలిసిందేమీ లేదు.

తేలినదల్లా ఇది: మద్యానికి శరీరం బానిసైనవారికి పూర్తిగా మానడమే భద్రం. అంతదాకా పోనివారు కూడా చాలామంది ఉన్నారు, వాళ్లకు మీటింగ్ కంటే ముందే అందవలసిన సాయం వేరే ఉంది. గోవాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో డాక్టర్లు కాని మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి, నాలుగు విడతల లోపు కౌన్సెలింగ్ చేయించి చూశారు. 2017లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం మూడు నెలల తర్వాత చూస్తే, అంతకుముందు రెండు వారాల్లో తాగనివారు కౌన్సెలింగ్ పొందినవారిలో 42 శాతం, పొందనివారిలో 18 శాతం. మన పీహెచ్‌సీలకు ఇది అందని పని కాదు.

మందుల మీద వాదన కూడా దీని పక్కనే నడుస్తుంది. నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్ తపనను తగ్గిస్తాయి. డైసల్ఫిరామ్ వేసుకున్నవాళ్లు తాగితే శరీరం తిరగబడుతుంది. మాత్ర వేసుకునేవాడు నిజంగా మానినట్టు కాదని కొన్ని గ్రూపుల్లో పాతకాపులు అంటూ ఉంటారు. ఏఏ అధికారిక వైఖరి అది కాదు. సభ్యులు డాక్టర్ పని చేయకూడదన్నదే ఆ సంస్థ ముద్రించి పంచే మాట. మన ఇళ్లలో ఇంకో ప్రమాదం ఉంది. మానిపించే మందు అని డైసల్ఫిరామ్‌ను తాగేవాడికి తెలియకుండా అన్నంలో, మజ్జిగలో కలుపుతారు. తెలియక తాగితే రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ప్రేమతో చేసినా అది చేయకూడని పని.

మన నేల మీద

తెలుగువాళ్లకు మద్యం మీద సామూహిక చర్య కొత్త కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతుల నుంచి లేచిన ఆడవాళ్లు సారా ప్యాకెట్లు తగలబెట్టారు, దుకాణాలు మూయించారు. 1993 అక్టోబర్‌లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధం ఎత్తేశారు. ఆ ఉద్యమం దుకాణంతో పోరాడింది, ప్రభుత్వంతో పోరాడింది. మాన్పించిన మనిషి రేపు సాయంత్రం ఎక్కడ కూర్చోవాలన్న ప్రశ్నను తీసుకోలేదు, తీసుకోమనడం కూడా న్యాయం కాదు. ఆ పని ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థది. నిషేధం ఉన్నప్పుడూ, ఎత్తేశాకా ఆ ఖాళీ అలాగే ఉండిపోయింది.

మనకు సొంతంగా ఉన్న ఇంకో ఏర్పాటు అయ్యప్ప దీక్ష. నలభై ఒక్క రోజులు తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, సాయంత్రం భజన, గురుస్వామి కనుసన్నల్లో నడక, అందరూ ఒకరినొకరు స్వామీ అనే పిలుచుకోవడం. ఎన్ని ఒట్లు పెట్టినా మానలేనివాడు ఆ మండలం రోజులు చుక్క ముట్టకుండా గడిపేయడం మన ఇళ్లలో అందరూ చూసిందే. సహాయక సమావేశంలో ఉన్నవన్నీ ఇందులోనూ ఉన్నాయి: గుంపు, సాయంత్రాలకు పని, అనుభవమున్న పెద్ద, పలకరింపులో గౌరవం. లేనిదల్లా మాల తీసిన మర్నాడు. దీక్షకు ముగింపు తేదీ ఉంటుంది, చాలామంది ఆ తేదీని లెక్కపెట్టుకుంటూ ఉంటారు కూడా. దీక్షను హేళన చేయకుండా, మాల తీసే వారంలోనే ఆ మనిషిని ఒక గ్రూపుకు పరిచయం చేయడం ఇంగితమున్న పని.

ఇక్కడ ఒక హెచ్చరిక. పొద్దున లేవగానే తాగందే చేతుల వణుకు ఆగని మనిషి మాల వేసుకునో ఒట్టు పెట్టుకునో ఒక్కసారిగా ఆపేస్తే రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మతి చలించి, లేనివి కనిపించి, ప్రాణాపాయం కలగవచ్చు. మత్తుమందులు కలిపిన కల్లుకు అలవాటుపడినవారికీ ఇదే ప్రమాదం. 2020 లాక్‌డౌన్‌లో దుకాణాలు మూసేసినప్పుడు హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు అలాంటివారు వరస కట్టారు. వీళ్లకు ముందు డాక్టర్, తర్వాతే మీటింగ్.

కుటుంబాన్ని కలుపుకుని నడిపించే చికిత్సకు దక్షిణాదిలో పేరున్న చోటు చెన్నైలోని టి.టి. రంగనాథన్ సంస్థ. శాంతి రంగనాథన్ 1980లో స్థాపించిన ఆ సంస్థ ఆసుపత్రితో ఆగకుండా మంజక్కుడి అనే పల్లెలో శిబిరాలు పెట్టింది. పల్లెటూరి మనిషిని పట్నం రప్పించడం కంటే చికిత్సే పల్లెకు వెళ్లడం మేలన్న ఆ పద్ధతి మన మండల కేంద్రాలకు చక్కగా సరిపోతుంది.

వెతకడం, వెళ్లడం

హైదరాబాద్, సికింద్రాబాద్, విశాఖపట్నం, విజయవాడ లాంటి నగరాల్లో ఏఏ గ్రూపులు ఉన్నాయి. ఏఏ ఇండియా వెబ్‌సైట్‌లో ఊరిని బట్టి వివరాలు దొరుకుతాయి. ప్రభుత్వ మానసిక వైద్యశాలల్లోనూ బోధనాసుపత్రుల సైకియాట్రీ విభాగాల్లోనూ అడగవచ్చు. కేంద్ర ప్రభుత్వ డీఅడిక్షన్ హెల్ప్‌లైన్ 14446, మానసిక ఆరోగ్యానికి టెలిమానస్ 14416, రెండూ ఉచితం. రోజులూ గదులూ మారుతుంటాయి కాబట్టి బయల్దేరే ముందు ఫోన్ చేసి మూడు సంగతులు కనుక్కోవాలి: ఈ వారం జరుగుతోందా, తెలుగులో మాట్లాడతారా, ఇంట్లోవాళ్లు వెంట రావచ్చా. నగరాల్లో కొన్ని గ్రూపులు ఇంగ్లిష్‌లోనో హిందీలోనో నడుస్తాయి. అర్థం కాని భాషలో గంట కూర్చుని, ఇది నాకు కాదని తేల్చుకుని వెళ్లిపోయిన మనిషి మళ్లీ రావడం కష్టం.

చర్చి ఆవరణ చూసి ఇది మతం మార్పిడి వ్యవహారమని బెదిరేవాళ్లున్నారు. గ్రూపు ఆ గదిని వాడుకుంటుంది, అంతే. ఏ మతంతోనూ సంబంధం పెట్టుకోకూడదన్నది దాని నియమం. తెలిసినవాళ్లు చూస్తారన్న భయం ఇంకా పెద్దది. చిన్న ఊరిలో బండి ఎవరిదో అందరికీ తెలుసు. అందుకే రెండు వీధుల అవతల పెట్టి నడిచి వెళ్లేవాళ్లు ఉంటారు. మొదటి కొన్నిసార్లు అలాగే వెళ్లినా నష్టం లేదు. ఒక గ్రూపు నచ్చకపోతే ఇంకోటి చూడాలి. కొత్తవారికి తొంభై రోజుల్లో తొంభై సమావేశాలు అన్న సలహా అమెరికా నగరాల్లో పుట్టింది. వారానికి ఒకే సమావేశం జరిగే ఊరిలో మిగతా ఆరు సాయంత్రాలకు ఫోన్, ఆన్‌లైన్ తప్ప గత్యంతరం లేదు. 2020 తర్వాత ఆన్‌లైన్ సమావేశాలు బాగా పెరిగాయి. గడప దాటలేని ఆడవాళ్లకు, పల్లెల్లో ఉన్నవారికి ఇది నిజంగా మేలు చేసిన మార్పు.

అమెరికాలో ఉన్న తెలుగువారి ఇబ్బంది వేరే రకం. అక్కడ ఏ వీధిలో చూసినా మీటింగే, ఫోన్‌లో యాప్ తెరిస్తే చాలు. అయితే తాగి బండి నడిపిన కేసు వీసానే ఎగరగొట్టవచ్చు కనుక సమస్య ఉందని ఒప్పుకోవడానికే భయపడతారు. మీటింగుకు వెళ్లిన సంగతి ఏఏ ఎవరికీ తెలియజేయదు, తెలియజేయడానికి దాని దగ్గర రిజిస్టరే లేదు.

ఇంట్లోవాళ్ల మాట విడిగా చెప్పాలి. తాగే మనిషి రాకపోయినా భార్య, తల్లి, పిల్లలు తమంతట తాము అల్-అనాన్‌కు వెళ్లవచ్చు. మానిపించడం నీ చేతిలో లేదు, నువ్వు బతకడం నీ చేతిలో ఉంది అన్న దృష్టి అక్కడ నేర్పిస్తారు. ఈ మాట మన ఇళ్లలో అంత తేలిగ్గా మింగుడుపడదు. మొగుణ్ని దారిలో పెట్టుకోలేకపోయిందని ఆడదాన్నే అనే సమాజంలో ఆ మాట చెప్పే చోటు ఒకటైనా ఉండాలి.

ఇంకా తేలనివి

బలవంతం సంగతి తేలలేదు. అమెరికాలో కోర్టులు తాగి పట్టుబడినవారిని మీటింగులకు పంపేవి. అది మతపరమైన బలవంతమని 1996లోనూ 2007లోనూ అక్కడి అప్పీలు కోర్టులు తప్పుపట్టాయి. మన దగ్గర బలవంతం కోర్టు నుంచి కాకుండా కుటుంబం నుంచి వస్తుంది. నలుగురు మనుషులు వచ్చి వ్యాన్‌లో ఎత్తుకెళ్లే సెంటర్లు ఉన్నాయి, అక్కడి దెబ్బలు వార్తలకెక్కుతూనే ఉన్నాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి ఇష్టానికీ గౌరవానికీ హక్కు కల్పించింది. కుటుంబం అలసటతో చేసే పనికీ ఆ హక్కుకూ మధ్య గీత ఎక్కడ గీయాలో చాలామందికి ఇంకా తెలియదు.

తాగే ఆడవాళ్ల సంగతి అసలు మొదలే కాలేదు. తెలంగాణ లెక్క ముందే చూశాం. మగవాళ్లతో నిండిన గదిలోకి ఒంటరిగా అడుగుపెట్టి, నేను ఆల్కహాలిక్‌ని అని చెప్పగలిగే స్త్రీలు మన ఊళ్లలో ఎంతమంది ఉంటారు? స్త్రీలకే ప్రత్యేకమైన తెలుగు సమావేశాలు, ఆన్‌లైన్‌లోనైనా సరే, విస్తరించాలి. ఇది డ్వాక్రా సంఘాలు నడిపిన నేల. గుంపుగా కూర్చోవడం ఇక్కడి ఆడవాళ్లకు కొత్తగా నేర్పనక్కరలేదు.

కోక్రేన్ సమీక్షించిన అధ్యయనాల్లో అధిక భాగం అమెరికావి. ఉమ్మడి కుటుంబం, కులం, కల్లు, పండగ మందు, అప్పు ఉన్న చోట సమావేశాల ఫలితం అదే స్థాయిలో ఉంటుందా అన్నది ఇక్కడే కొలిచి చూడాలి.

చివరిగా ఆసుపత్రి వైపు. పది రోజులు చేర్చుకుని వణుకు తగ్గించి, బి1 ఇంజెక్షన్లు, మాత్రలు ఇచ్చి పంపేటప్పుడు డిశ్చార్జ్ కాగితం మీద వారం తర్వాత రండి అని రాస్తారు. ఆ వారంలోనే చాలామంది మళ్లీ తాగుతారు. డిశ్చార్జ్ రోజున రోగి అనుమతి తీసుకుని, వార్డులోంచే ఒక సభ్యుడికి ఫోన్ కలిపి, ఫలానా సాయంత్రం ఆయన వచ్చి తీసుకెళతారని కాగితం మీద రాయడానికి అదనపు బడ్జెట్ అక్కరలేదు. అడ్డంకులు లేకపోలేదు. ప్రభుత్వ సంస్థ దేవుడి ప్రస్తావన ఉన్న సంఘాన్ని సిఫారసు చేయవచ్చా అని కొందరు డాక్టర్లు వెనకాడతారు. రోగి గోప్యత చట్టపరమైన బాధ్యత. ఏఏ వైపు నుంచి చూస్తే ఏ సంస్థతోనూ అనుబంధం పెట్టుకోకూడదన్న నియమం ఉంది. డాక్టర్లతో సహకరించడానికి మాత్రం ఆ నియమం అడ్డురాదు, అందుకోసం దానికి కమిటీలే ఉన్నాయి. స్మార్ట్ లాంటి మతంతో సంబంధం లేని గ్రూపుల వివరం కూడా అదే కాగితం మీద రాస్తే మొదటి అభ్యంతరం చాలావరకు తీరుతుంది. ఆ ఫోన్ చేయవలసింది సైకియాట్రిస్టా, వార్డు నర్సా, సోషల్ వర్కరా అన్నది ఏ ఉద్యోగ విధుల జాబితాలోనైనా ఎక్కితే తప్ప అది ఎవరి పనీ కాకుండానే మిగిలిపోతుంది.